లామినిన్ దొంగ కోసం నా కాపలా

చదువు పెరిగిన కొద్దీ తెలివి పెరుగుతుందంటారు. నాకు అనుమానం పెరిగింది. 2012లో, నారాయణగూడలోని ఒక చిన్న ల్యాబ్‌లో, ఒక మంచిమనిషిని బోనెక్కించబోయి నా పరువును నేనే పాతాళానికి తొక్కుకున్న కథ ఇది. నవ్వుకోండి గానీ మా అమ్మకు చెప్పకండి. ఆవిడకి ఇప్పటికీ సగమే తెలుసు.

ఇల్లు చిక్కడపల్లి. నేనప్పుడు కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థినిని. చర్మకణాలను చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో పెంచడం నా పని. చర్మం పైపొర కింద ఆధార త్వచం అని ఒక పల్చటి పొర ఉంటుంది. అందులో ఉండే లామినిన్ అనే ప్రొటీనే పైకణాలను ఊడిపోకుండా పట్టి ఉంచుతుంది. అది సరిగ్గా లేకుండా పుట్టిన పిల్లలకు బట్ట రాసుకున్నా ఒళ్లు పొక్కుతుంది. కిడ్నీల వడపోత దగ్గరా, కండరాల చుట్టూ కూడా దాని కాపురం ఉంది. గిన్నె అడుగున లామినిన్ పూస్తే కణాలు అతుక్కుని బతుకుతాయి. లేకపోతే చారులో కరివేపాకులా తేలతాయి.

నావి తేలాయి. మూడు వారాల పాటు, ప్రతిసారీ ఆరు గిన్నెల్లో నాలుగు తేలాయి, రెండు అతుక్కున్నాయి. నెలాఖరులోగా ఫలితం చూపించకపోతే ఫెలోషిప్ పొడిగించనని మా గైడ్ మేడమ్ చెప్పేశారు. నా చేతిదే తప్పయితే ఆరూ చెడాలి కదా? రెండు మాత్రం ఎందుకు బాగున్నట్టు? ఎవరో లామినిన్ కాజేస్తూ కెలుకుతున్నారు.

ఆ ఎవరో యాదగిరి అన్నే అని తేల్చుకున్నాను. మా ల్యాబ్ టెక్నీషియన్. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుకుంటున్నాడు. హాస్టల్లో గోల అని పొద్దున్నే అందరికంటే ముందొచ్చి పుస్తకం తీసేవాడు, సాయంత్రం అందరికంటే వెనక వెళ్లేవాడు. చాలా నెమ్మదస్తుడు. నెమ్మదస్తులను నేను అసలు నమ్మను.

ఒక సాయంత్రం గిన్నెల్లో పూతకు పోసిన లామినిన్ ద్రావణంలో మిగిలింది తీసేసి, వాటిని ఆరబెట్టి, ఒక్కో మూత అంచున నా జడలోంచి ఒక్కో వెంట్రుక పీకి ఇరికించాను. మర్నాడు ఎనిమిదింటికల్లా వెళ్లి చూస్తే రెండు మూతలకు వెంట్రుకల్లేవు. ఆ రెండు గిన్నెల్లో ఏవో నీళ్లున్నాయి; అంతకుముందు ఆరని తడే అనుకుని వంపేసేదాన్ని. వాసన చూశాను. ఏ వాసనా లేదు. దాంతో అనుమానం రెట్టింపయింది.

"అన్నా, నిన్న నా గిన్నెలు ముట్టుకున్నారా?"

పుస్తకంలోంచి తలెత్తాడు. "ముట్టిన. నువ్వు వాటిని గట్ల..."

"నాకు తెలుసు," అన్నాను.

"ఏం తెలుసు?"

"అన్నీ తెలుసు."

అన్న "సరే తియ్," అని మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయాడు.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. ఆ తర్వాత కణాలు పోస్తే అతుక్కున్నది కూడా ఆ రెండింట్లోనే. దానికీ నా దగ్గర జవాబుంది: ఆరూ చెడగొడితే దొరికిపోతాడని తెలివిగా రెండు వదిలేస్తున్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన. నాకు లోకమంతా యాదగిరి అన్నే.

మరుసటి వారం ఆరు గిన్నెలనూ వడియాల్లా పెళపెళలాడేదాకా ఆరబెట్టాను. స్టీలు టిఫిన్ డబ్బాలో సర్ది, నా బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుని ఇంటికెళ్లాను. మర్నాడు కణాలు పోశాను. ఆ మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే ఆరింట్లోనూ తేలుతున్నాయి.

అంటే మారుతాళంచెవి కూడా చేయించాడన్నమాట.

నేరుగా మేడమ్ గదికి వెళ్లి ఫిర్యాదు చేశాను. ఆవిడ అన్నను పిలిపించారు. సంగతి వినగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఉద్యోగం పోతే హాస్టల్ ఖాళీ చేసి, చదువు మానేసి ఊరెళ్లాల్సిన మనిషని ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

"శ్రావణి గిన్నెలు నువ్వు ముట్టుకున్నావా యాదగిరీ?"

"ఈసారియి ముట్టలే మేడమ్. అంతకుముందు ప్రతిసారి రెండేసి ముట్టిన."

"ఎందుకు?"

"లామినిన్ పూసినంక ఎండొద్దు గద మేడమ్. ఎండితే దాని పట్టు పోతది. ఈమేమో ఆరబెట్టి పోతున్నది. నేను చూసేటాళ్లకు నాలుగు ఎండిపోతున్నయ్. జర తడున్న రెండింట్ల ఉప్పునీళ్లు పోసి మూత పెడుతున్న. చెప్పబోతే, అన్నీ తెలుసన్నది."

మేడమ్ నా వైపు తిరిగారు. "ఈసారి గిన్నెలు ఎక్కడ పెట్టావు?"

"బీరువాలో, తాళం వేసి."

"తాళంచెవి?"

గొలుసు చూపించాను.

"అంటే ఈసారి అతన్ని ఆపగలిగావు," అన్నారు మేడమ్.

ఆ సాయంత్రం అశోక్ నగర్ టీకొట్టు దగ్గర అన్నను కలిశాను. "మిమ్మల్ని దొంగనుకున్నాను అన్నా. క్షమించండి."

"నా నౌకరి పోతదని మస్తు భయపడ్డ చెల్లె," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. మళ్లీ తనే, "రేపు నా ముంగట పూయి. నేను చూస్త," అన్నాడు.

అలాగే పూశాను. ఆరింట్లోనూ అతుక్కున్నాయి.

కాబట్టి చిక్కడపల్లి వాస్తవ్యురాలైన నేను, పూర్తి స్పృహలో ఉండి చేస్తున్న ప్రమాణం ఏమనగా: ఇకమీదట నా పని ఏది చెడినా, మొదట నన్ను నేనే పిలిపించుకుని, నిలబెట్టి విచారిస్తాను. ముద్దాయి ఎంత ఏడ్చినా బెయిలు ఇవ్వను.