ఏమీ అడగని దయ్యం

నా చిన్నప్పుడు, నిజాం రాజ్యం ఇంకా సాగుతున్న రోజుల్లో, దేవరకొండ వైపు మా ఊళ్లో దయ్యాలకు పెద్ద శత్రువు మా తాతయ్య. భూతవైద్యుడు వేపమండలు పట్టుకుని వస్తే దయ్యాల్లేవని ఎదురెళ్లి వాదానికి దిగేవాడు. ఆయన మనవణ్ని కాబట్టి నాకూ భయం లేదనుకునేవాణ్ని, పక్కింటి అక్క గొంతు మారేదాకా.

ఆ ఏడు దొరగారి కూతురికి పెళ్లి కుదిరింది. మా ప్రాంతంలో దొరల పిల్ల అత్తారింటికి పోతే, నగలతో, పశువులతో పాటు ఒక పేదింటి ఆడపిల్లనూ వెంట పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అనేవారు. ఆమెకు పెళ్లి లేదు, జీతం లేదు, తిరిగి రావడం లేదు. ఆ ఇంటి మగవాళ్లు ఏం చేసినా అడిగే దిక్కు లేదు. ఈసారి దొరగారి కోట, ఆ గడీ చూపు పక్కింటి అక్క మీద పడింది. ఆ కబురు అందగానే అక్కకు దయ్యం పట్టింది.

తాతయ్య చెయ్యి పట్టుకుని నేను వెళ్లేసరికి పొద్దు గూకుతోంది. కిటికీ లేని అర్రలో అక్క జుట్టు విరబోసుకుని కూర్చుంది. రెప్ప వాల్చకుండా గడప వైపు చూస్తోంది. చూస్తున్నది మమ్మల్ని కాదు, మా వెనుక నిలబడ్డ ఎవరినో. నేను తిరిగి చూశాను. ఎవరూ లేరు. అప్పుడు ఆమె నోటి నుంచి ఒక మూలుగు వచ్చింది, బొంగురుగా, బావి అడుగు నుంచి వచ్చినట్టు. అది వినగానే అక్క వాళ్ల నాయనమ్మ నేల మీద కూలబడింది.

"గిది సచ్చిన నా బిడ్డ గొంతే!"

ఆ బిడ్డ అక్కకు మేనత్త. అక్క పుట్టకముందే ఆడబాపగా పోయి, అక్కడే చనిపోయింది.

పట్టిన దయ్యాన్ని ఏం కావాలని అడగడం మా వైపు ఆనవాయితీ. అది కోడినో, కల్లునో, కొత్త చీరనో అడుగుతుంది. ఇచ్చి సాగనంపుతారు. తాతయ్య ఎగతాళిగానే అడిగాడు.

"చెప్పు, ఏం గావాలె నీకు?"

"ఏమొద్దు. నన్ను మళ్ల గా బండెక్కియ్యకుండ్రి."

తాతయ్య మొహంలో నవ్వు ఆరిపోయింది. తర్వాత బయటికొచ్చి, వాకిట్లో కాచుకున్న గడీ జవానుతో అన్నాడు.

"పట్టింది నిజమే. పెండ్లిబండ్ల ఎక్కిస్తె పెండ్లిపిల్లకు సోకుతది."

"దయ్యాల్లేవని ఊరంత తిరిగి చెప్పేది నువ్వే గద పెద్దాయన?"

"చెప్పిన. గియ్యాల చూసిన."

లోపలి నుంచి అక్క నవ్వింది. ఆ నవ్వుకు జవాను చెప్పులు కూడా తొడుక్కోకుండా పోయాడు. పెళ్లి దగ్గరపడింది, ఇంకో పిల్లను వెతికే వ్యవధి గడీకి లేకపోయింది. బండ్లు అక్క లేకుండానే కదిలాయి.

తర్వాత ఊరు తాతయ్యను ఏడిపించింది. "తాతకు గూడ దయ్యం కండ్లవడ్డదట!" అని రచ్చకట్ట దగ్గర నవ్వారు. భూతవైద్యుడైతే ఎదురుపడి మరీ దండం పెట్టాడు. వాదంలో ఎవరికీ తలవంచని మనిషి తలవంచుకుని చేనుకు పోయేవాడు. నాకు మాత్రం నిద్ర కరువైంది. తాతయ్యే చూశాడంటే ఇక లేవని ఎట్లా అనుకోను? ఒకరోజు చేనుగట్టున అడిగేశాను.

"దయ్యాలు ఉన్నయా తాతా?"

"లెవ్వు బిడ్డా."

"మరి అబద్ధమెందుకు చెప్పినవ్?"

"అక్కకు దాక్కోనికి ఇంకేం జాగ ఉండె?"

ఆ గొంతు సంగతీ అడిగాను. ఒకే నెత్తురు కాబట్టి గొంతులు కలుస్తాయన్నాడు. నిజమే. అయినా ఆ అర్రలో విన్నది తలచుకుంటే ఈ వయసులోనూ వీపు చల్లబడుతుంది.

మూఢనమ్మకాల మీద జీవితమంతా రాశాను, వేదికలెక్కి పోట్లాడాను. మా ఊళ్లో మనుషుల్ని పట్టి పీడించింది గడీ ఒక్కటేనని ఇప్పటికీ ఎక్కడైనా అంటాను. ఎవరింట్లో దయ్యం ఉందన్నా, లేదని చూపించడం నాకు క్షణాల పని. కానీ దాన్ని తరిమేశాక ఆ ఇంటి పిల్లకు ఎవరు అడ్డం నిలబడతారో తెలిసేదాకా నేను నోరు విప్పను.