ఊ కొట్టాల్సిన చోట

మా కింది అంతస్తు టీచరాంటీ శుక్రవారం పొద్దున పోయారు. మధ్యాహ్నం నమాజు కాగానే ఖననం కూడా అయిపోయిందట. ఆ సాయంత్రం నేను నగరం నడిబొడ్డున రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు ముగించుకుని, మేముండే సెంబవాంగ్ చేరేసరికి ఆవిడ గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. ఏదో విందనుకున్నాను. బిర్యానీ మనకూ పంపుతారులే అనుకుంటూ మెట్లెక్కాను. సంగతి తెలిశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆంటీది హైదరాబాదు. భర్తతో పశ్చిమాఫ్రికా వెళ్లి, అక్కడి బడిలో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పారు. ఆయన పోయాక ఇక్కడి కూతురి దగ్గరికి వచ్చేశారు. అక్కణ్ణుంచి వెంట తెచ్చుకున్నది ఒక కవితల పుస్తకం. ఆ దేశపు కవి ఒకాయన తమ పాత దేవతల కథల మీద రాసినది. మా లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. ఆంటీ అంతస్తులో దిగి నేను పైకెక్కాలి. అందుకే ఆదివారాలు తేలిగ్గా దొరికిపోయేదాన్ని.

"రా బేటా, చాయ్ తాగి పో. ఒక్క కవిత ఇను."

నా కప్పు మీద సాసరు మూతపెట్టి, ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పేవారు. అలిగి ఆకాశానికి వెళ్లిపోయిన నదీమతల్లి. ఆమెను బతిమాలి తీసుకురావడానికి బయల్దేరిన తాబేలు. పాదం చివర ఆగి నా వైపు చూసేవారు. నేను ఊ కొట్టాలి.

"అక్కడ గూడ మన లెక్కనే. చదివేటోళ్లు ఆగుతరు, ఇనేటోళ్లు పలకాలె. పలకకుంటే దేవత ఆడ్నే నిలబడ్తది పాపం, ఇంట్లకు రాదు."

ఊ కొట్టడం ఎంత పని? రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఎక్కడ తికమకపడతాయోనని మా ఆఫీసంతా హడలిపోతున్న రోజులు. ఒళ్లో పేజరు, బుర్రలో ప్రోగ్రాము, నోట్లో ఊ. పైగా పెద్దావిణ్ణి సంతోషపెడుతున్నానని లోలోపల మురిసిపోయేదాన్ని. నేను గడియారం చూస్తే, "తొందరెందుకు బేటా, ఆకాశం కెల్లి దిగాలె గద నది" అని నవ్వేవారు. తరువాత ఏమైందని నేను ఒక్కసారీ అడగలేదు.

ఆదివారం పరామర్శకు వెళ్తే, ఆవిడ కూతురు ఏడ్చిన కళ్లతోనే చిన్నగా నవ్వింది.

"అమ్మీ మీ గురించి చెప్పి ఎంత నవ్వేదో! ఒకసారి కావాలనే తాబేలును సెంబవాంగ్‌ల ట్రైన్ ఎక్కించిందంట. సిటీ హాల్ స్టేషన్‌ల దింపి ఇంకో ట్రైన్ గూడ ఎక్కించిందంట. మీరు ఊ, ఊ అన్నరంట."

"కోపం రాలేదా ఆంటీకి?"

"కోపమెందుకు? అలసిపోయి గూడ వచ్చి కూసుంటది, మంచి పిల్ల అన్నది."

తిట్టి ఉన్నా బాగుండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆమె పుస్తకం తెచ్చి గుర్తుపెట్టిన పేజీ తీసింది. "పోయిన వారం ఇక్కడి దాంక చదివింది గదా?"

అలవాటుకొద్దీ ఊ అనబోయి ఆగాను. "నాకు తెలీదండీ," అన్నాను.

ఆమె అక్కణ్ణుంచే చదవడం మొదలుపెట్టింది. తాబేలు మాట విని నదీమతల్లి ఆకాశం దిగింది. ఎండిన పొలాలు దాటి, తడికాళ్లతో ఒక ఇంటి గుమ్మం దాకా వచ్చింది. పాదం అక్కడితో అయిపోయింది. కూతురు, అచ్చం తల్లిలాగే, ఆగి నా వైపు చూసింది.

ఇన్నాళ్లూ అంత సులువుగా పలికిన నోరు పెగల్లేదు. ఆమె పేజీ మీద వేలుంచి ఎదురుచూస్తోంది. నదీమతల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది.