నక్షత్రం బొంతలో అమ్మ చీర

నిన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపులో, మధ్యలో గుడ్డముక్కలతో నక్షత్రం కుట్టిన బొంత వేలాడదీసి ఉంది. చేత్తో తడుముతుంటే సేల్స్ అమ్మాయి, "ఎన్నిసార్లు ఉతికినా ఏమీ పోదండీ" అంది. బొంత వదిలేసి బయటికొచ్చేశాను.

మన ఇళ్లలో బొంతలు గుర్తున్నాయా? పాత చీరలు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు వేసి, పెద్ద సూదితో వరసగా కుట్టేవాళ్లు. మా నాయనమ్మకు ఒక పట్టింపు ఉండేది. ఉతకని గుడ్డ బొంతలోకి పోకూడదు. ఉతికి ఆరేసే పని నాది.

అమ్మ చనిపోయిన ఏడాది నాకు తొమ్మిదేళ్లు. నాయనమ్మ నాకోసం బొంత మొదలుపెట్టి, మధ్యలో నక్షత్రానికని, అమ్మ ఆఖరిసారి కట్టి విడిచిన నీలం చీర మడతపెట్టి పక్కన ఉంచింది. ఉతకమని చెప్పడం మర్చిపోయిందనుకుని, నేనే బోరింగు దగ్గర సబ్బు పెట్టి శుభ్రంగా ఉతికేశాను.

దండెం మీద చీర చూసి నాయనమ్మ గబగబా దగ్గరికెళ్లింది. తడి కొంగు ముఖానికి ఆనించుకుని వాసన చూసింది.

"ఇదొక్కటీ ఉతక్కుండా కుడదామనుకున్నానే అమ్మా. కప్పుకున్నప్పుడు నీకు మీ అమ్మ వాసన తగులుద్దని."

నాయనమ్మ కూడా పోయి చాలా ఏళ్లయింది. ఆమె కుట్టిన ఆ బొంతను నేను ఇంతవరకూ ఒక్కసారీ ఉతకలేదు.