కిల్న్‌లో మనుషులుండగా తీసేయవలసిన పేరు

2014 వేసవిలో నన్ను రాయపూర్ శివారులోని ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారానికి ఐటీ మేనేజరుగా బదిలీ చేశారు. టాటీబంధ్ కూడలి దాటాక లారీల వరుస వెంట కంపెనీ బస్సులో ముప్పావుగంట ప్రయాణం. నాకు అప్పగించిన పని ఉద్యోగులందరికీ సింగిల్ సైన్ ఆన్ ఏర్పాటు చేయడం. హాజరు, జీతం, సెలవు, స్టోర్సు, మెయిలు, పని పర్మిట్లు, ఇలా తొమ్మిది అప్లికేషన్లుండేవి. తొమ్మిది పాస్‌వర్డులతో పని లేకుండా, ఒక్కచోట తానెవరో రుజువు చేసుకుంటే అన్నీ తెరుచుకోవాలి.

మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. ప్రతి ఏకాదశికీ కాలనీ సత్సంగానికి నన్ను వెంటబెట్టుకెళ్లేవారు. ఈ దేహం తొమ్మిది ద్వారాల పట్టణమనీ, లోపల ఉండేవాడు ఒక్కడేననీ వింటూ పెరిగినవాణ్ణి. ఒక్క పేరుతో తొమ్మిదీ తెరుచుకున్న రోజున ఒళ్లు జలదరించింది. సర్వర్ గదిలో చెప్పులు ఎలాగూ విప్పుతాం. ఆ రోజు చేతులు కూడా జోడించాను.

మూయడం కూడా అంతే సులువు. పర్సనల్ విభాగం రికార్డులో ఒకరి సర్వీసు ముగిస్తే, సాయంత్రం ఆరింటికి రెండు జాబితాలనూ సరిపోల్చే సింక్‌లో ఆ పేరు మా డైరెక్టరీ, అంటే ఉద్యోగుల పేర్ల పట్టిక నుంచి పోతుంది, తొమ్మిది తలుపులూ ఒక్కసారే మూసుకుంటాయి. ఆడిటర్లు మెచ్చుకున్నది దీన్నే.

మరుసటి ఏడాది జూన్ నెలాఖరున చాలామంది రిటైరయ్యారు. ఇక్కడి బడుల్లో పుట్టినరోజు తెలియని పిల్లలకు హెడ్మాస్టర్లు జూలై ఒకటో తేదీ రాసేసేవారు. ఒకటో తేదీన పుట్టినవారి సర్వీసు ముందురోజుతోనే సరి. అలా వెళ్లేవారిలో ఎలక్ట్రికల్ షిఫ్టు ఇన్‌చార్జి అప్పలనాయుడు గారొకరు. విజయనగరం వైపు కుటుంబం, పెరిగింది భిలాయిలో.

సాయంత్రం క్యాంటీన్ హాల్లో శాలువాలు, కొబ్బరికాయలు సిద్ధంగా ఉన్నాయి. నాయుడు గారి భార్య ముందు వరుసలో కూర్చున్నారు. ఆయన మాత్రం రాలేదు. నాకు ఫోన్ చేశారు.

"మూర్తి బాబూ, ఆరింటికి నా పేరు తీసేస్తావట. మరి నా పర్మిట్ ఏమవుద్ది?"

కిల్న్ అంటే ఇనుప ఖనిజాన్ని కాల్చే పొడవాటి గుండ్రటి కొలిమి; మోటారు మీద తిరుగుతుంది. దాన్ని చల్లార్చి లోపల ఇటుకలు మార్చేటప్పుడు, మోటారుకు కరెంటు ఇవ్వకూడదని ఇన్‌చార్జి తన పేరుతో పర్మిట్ పెడతారు. వేరే భవనంలోని సబ్‌స్టేషన్ ఆపరేటరుకు అది తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు ఉన్నంతసేపు అతను స్విచ్ వేయడు. ఆ వేళ కిల్న్‌లో దగ్గరి ఊరు ఆరంగ్ నుంచి వచ్చిన ఐదుగురు మేస్త్రీలున్నారు.

పరీక్షకు ఉంచుకున్న నకలు సిస్టంలో ఆయన పేరు తీసి చూశాను. పేరుతోపాటు పర్మిట్ కూడా తెర మీంచి మాయమైంది.

తరువాతి ఇన్‌చార్జికి పర్మిట్ బదలాయించే పద్ధతి ఉంది. కానీ లోపలివాళ్లంతా బయటికి రావాలి, ఇద్దరు ఇన్‌చార్జీలూ కలిసి లెక్కపెట్టుకోవాలి. ఇటుకల వలయం సగంలో ఉంది. చివరి ఇటుక బిగించకుండా వదిలితే కూలుతుంది, కాబట్టి వాళ్లు రాలేరు.

ఆయన సర్వీసు ముగింపును ఒక్కరోజు జరపమని పర్సనల్ మేనేజరు మిశ్రాజీని అడిగితే నవ్వారు. "మూర్తిజీ, రిటైర్మెంట్ తారీఖును భగవాన్ కూడా జరపలేడు. మీరు పూజలు చేస్తారుగా, అడిగి చూడండి."

ఈ సంగతి ఫోన్లో చెబితే నాయుడు గారు కోప్పడలేదు. తాను కిల్న్‌లోకి వెళ్లి మేస్త్రీల పక్కన కూర్చుంటానన్నారు. సబ్‌స్టేషన్‌కు అప్పటికే చెప్పేశారట: "నా పేరు తెర మీద ఉన్నా లేకున్నా నేను లోపలే ఉంటాను. నేను బయటికొచ్చి నీ ఎదురుగా నిలబడేదాకా స్విచ్ ముట్టకు."

ఆయన సర్వీసు ఇంకా పావుగంట మిగిలి ఉంది. ఆ పావుగంట తరువాత ఆయనకు ఈ కర్మాగారంతో ఏ బాధ్యతా లేదు.

నేను హాల్లోకి వెళ్లి, మైకు ముందున్న ప్లాంట్ హెడ్ చెవిలో విషయం చెప్పాను. ఒక్క పేరును మినహాయించే వీలు లేదని, సింక్ మొత్తం ఆపాలని, ఆపితే రిటైరైన వారందరి పేర్లూ బతికే ఉంటాయని, ఆడిటర్లు తప్పు పడతారని కూడా చెప్పాను. "రాసుకోనివ్వండి, ఆపేయండి" అన్నారాయన. నరసింహస్వామిని తలుచుకుని ఆపాను. ఆరు దాటింది. తెర ఎర్రగానే ఉంది.

నేను కిల్న్ దగ్గరికి వెళ్లేసరికి నాయుడు గారి భార్య కూడా శాలువా చేతిలో పట్టుకుని అక్కడికే వచ్చారు. చీకటిపడే ముందు లోపలి నుంచి సుత్తి చప్పుడు ఆగింది. ఒక్కొక్కరే వంగి బయటికి వచ్చారు. ఐదుగురు మేస్త్రీలు, వెనక ఒళ్లంతా ఇటుక దుమ్ముతో ఆయన. ఆమె "పెళ్లినాడూ ఇంతే, ముహూర్తానికి రాలేదు" అన్నారు. అందరం నవ్వాం. సర్వాంతర్యామి అనే మాట వేలసార్లు పలికాను. లోపల తానుండి మనుషుల్ని కాపాడటం ఎలా ఉంటుందో కళ్లారా చూసింది ఆ కొలిమి నోటి దగ్గరే.

ఆయన సబ్‌స్టేషన్‌కు వెళ్లి ఆపరేటరు ఎదుట నిలబడ్డారు. తన పేరుతో లాగిన్ అయి పర్మిట్ మూశారు. "ఇప్పుడు తీసెయ్ బాబూ" అన్నారు. సింక్ నడిపాను. తొమ్మిది తలుపులూ మూసుకున్నాయి.

తరువాతి వారమే నియమం మార్చాం. ఎవరి పేరైనా తొలగించే ముందు, ఆ పేరు మీద ఇంకా తెరిచి ఉన్న పనులను సిస్టం చూపించాలి. ప్రతిదాన్నీ మరొకరు స్వీకరించాకే తొలగింపు. ఆడిటర్లు రాసిన అభ్యంతరానికి ఇదే జవాబుగా పంపాం. ఒక మనిషి లోపలికి రావడానికి అతనెవరో తెలిస్తే చాలు. అతన్ని బయటికి పంపాలంటే మాత్రం, అతని మీద ఎవరు ఆధారపడి ఉన్నారో కూడా తెలియాలి.