గేములకు మా బావ పెట్టిన మీసాలు

ఆ కాలంలో తమిళనాడులోని మా కోవిల్‌పట్టి ఆడపిల్లలకు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి ఉంటుందని తెలియదు. అగ్గిపెట్టెల యూనిట్లో పుల్లలు చట్రంలో పేర్చడం, పెట్టెలు అంటించడం, అన్నీ నేల మీద కాళ్ళు మడుచుకుని చేసే పనులే. పెళ్ళి కాక ముందు నేనూ, అమ్మా పక్కపక్కనే కూర్చుని అదే పని చేసేవాళ్ళం. అలాంటి నాకు విరుదునగర్‌లో గుండ్రంగా తిరిగే కుర్చీ ఒకటి దొరికింది. అది దొరకడానికీ పోవడానికీ కారణం మా అక్క మొగుడు. ఇందులో పెద్ద విషాదమేమీ లేదు. అప్పట్లో మాత్రం ఇంతకంటే పెద్దది లోకంలో లేదనుకున్నాను.

బావ మొదట్లో అగ్గిపెట్టెల మీద అంటించే లేబుళ్ళకు బొమ్మలు గీసేవాడు. ఆ వ్యాపారంలో ఒక పద్ధతి ఉండేది. ఒకరి కోడి బొమ్మ బాగా అమ్ముడైతే, మరొకరు బావ దగ్గరికి వచ్చి అలాంటి కోడినే గీయించుకునేవారు. రంగులు అవే, అంచు అదే, కోడికి మాత్రం ఒక ఈక ఎక్కువ. మొదటి కోడివాళ్ళు తగాదాకు వస్తే బావ జుట్టు రంగు మార్చి (కోడి జుట్టు) ఇచ్చేవాడు. అందరూ కలిసి కాఫీ తాగేవారు. దాన్ని దొంగతనం అని ఎవరూ అనగా నేను వినలేదు.

తొంభైల్లో బావ క్యాసెట్లు పెట్టి ఆడే టీవీ గేమ్ మిషన్ ఒకటి కొని వీధిలో వాళ్ళకు గంట లెక్కన ఆడనిచ్చేవాడు. తరువాత బొమ్మలు గీసే పని కంప్యూటర్లకు పోయింది. బావ కంప్యూటర్ నేర్చుకుని విరుదునగర్ బస్టాండ్ దగ్గర బ్రౌజింగ్ సెంటర్ పెట్టాడు. కొత్త గేములు రాగానే ఆ పాత క్యాసెట్ గేములు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి, అది ఆయనకు నచ్చలేదు. ఇంటర్నెట్‌లో అక్కడోటి ఇక్కడోటి వెతికి, ఆ గేములన్నిటినీ కంప్యూటర్లో ఆడుకునేలా తెచ్చి, తన వెబ్‌సైట్ ఒకటి తయారుచేసి అందులో పెట్టాడు. ఎవరైనా ఊరికే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ప్రతి గేమూ చివరిదాకా నడుస్తోందో లేదో ఆడి చూడడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. అక్క పురిటికి సాయంగా వెళ్ళిన నేను ఖాళీగా కనిపించాను. నాకు అప్పటికి ఏ భాషలోనూ అక్షరాలు రావు (వచ్చింది నలభై దాటాక, ముందు తమిళం, తరువాత తెలుగు). ఆ గేములకు చదువుతో పని లేదు. దూకాలి, తప్పించుకోవాలి, చావాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. నేను ఆడి చెప్పిన దాన్నిబట్టి బావ ప్రతి గేముకూ అగ్గిపెట్టె లేబుల్ లాగా ఒక బొమ్మ, చుట్టూ పూల అంచు గీసి సైట్‌లో పెట్టేవాడు.

అమ్మ మాత్రం ఫోన్లో ఒక షరతు పెట్టింది. "బొమ్మలాట ఆడేది ఒక వేలయా, ఒక పనా? సరి, అది నడిచేన్నాళ్ళు ఉండు. నిలిచిపోతే మరుదినమే బస్సెక్కి వచ్చేయాల. ఈడ నీ చట్రం సుమ్మా ఖాళీగా ఉండాది." ఆ మాట తలుచుకుంటే నాకు నడుం నొప్పి వచ్చేది. అందుకే సైట్ అడుగున వచ్చినవాళ్ళ సంఖ్య తిరిగే చోటును, అంకెలు సరిగా తెలియకపోయినా, రోజూ ఆశగా చూసేదాన్ని. అది గిర్రున తిరిగేది. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో వచ్చి పడ్డారు. పూల అంచులు బాగున్నాయని రాసేవారట. బావ కొత్త చొక్కా వేసుకుని షాపుకు రావడం మొదలుపెట్టాడు.

అందరికీ ఎక్కువ ఇష్టమైన గేములో ఒక పొట్టి మనిషి గొడుగు పట్టుకుని గోడలు దూకుతుంటాడు. మేము గొడుగాయన అనేవాళ్ళం. ఆయన్ను తయారుచేసిన కంపెనీ సముద్రం అవతల ఉంది. ఒకరోజు అక్కణ్ణుంచి బావకు ఈమెయిల్ వచ్చింది. బావ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వాళ్ళు కోపంగా ఉండారు పాపా. మన గొడుగాయన వాళ్ళ గొడుగాయన మాదిరే ఉండాడంట."

"మాదిరి ఏంది బావా, వాళ్ళ గొడుగాయనే కదా."

"అదే వాళ్ళూ చెప్తా ఉండారు. సరి, మార్చేద్దాం."

రెండు రోజులు కూర్చుని, గేములో గొడుగాయనకు ఒత్తుగా మీసాలు పెట్టాడు. గొడుగు ఎరుపు నుంచి పచ్చ చేశాడు. పేరులో ఒక అక్షరం తీసేశాడు. నాకు నమ్మకం కుదరలేదు.

"మీసం పెడితే వేరే ఆళు అయిపోతాడా బావా?"

"కోడికి జుట్టు మారిస్తేనే వేరే కోడి అయింది. మనిషికి మీసం చాలదా?"

దానితో ఆగకుండా ఆ కంపెనీకి జవాబు కూడా రాశాడు. మీ తరఫున పెద్దమనిషి ఎవరినైనా విరుదునగర్ పంపండి, పరోటా తింటూ మాట్లాడుకుందాం అని. (ఆయన నిజంగానే ఎదురుచూశాడు. బస్టాండ్‌లో తెల్లవాళ్ళెవరైనా దిగితే లేచి నిలబడేవాడు.)

మనిషి రాలేదు, రెండో ఈమెయిల్ వచ్చింది. మీసాలున్న గేమును కూడా తీసేయమని అందులో ప్రత్యేకంగా రాశారట. బావ ముఖంలో భయం బదులు సంతోషం కనిపించింది. "చూసినావా, అంత దూరం నుంచి మీసం గుర్తుపట్టినారు. గీత అంత బాగుండాది." ఆ సంతోషం వారం నిలవలేదు. మా సైట్‌కు ఇంటర్నెట్‌లో చోటిచ్చిన వాళ్ళే ఒకరోజు పొద్దున్నే రాసి, ఆ సాయంత్రానికల్లా మొత్తం తీసేయమన్నారు.

అక్క ద్వారా సంగతి తెలిసి అమ్మ మధ్యాహ్నానికే దిగింది, నన్ను తీసుకుపోవడానికి. వస్తూనే "మూట కట్టినావామే?" అంది. షాపులో ఖాళీగా ఉన్నది నా కుర్చీ ఒక్కటే కాబట్టి అందులో కూర్చుంది. అది తిరిగేసరికి బల్ల పట్టుకుంది. బావ అత్తగారికి మర్యాదగా సోడా తెప్పించి, ఏం మాట్లాడాలో తెలియక, "అత్తా, ఒక ఆట చూడండి" అని గొడుగాయనను తెర మీద పెట్టాడు.

అమ్మ ఒక వేలితో మీట నొక్కింది. గొడుగాయన దూకినప్పుడల్లా అమ్మ కూడా కుర్చీలో కొంచెం పైకి లేచేది. మొదటి గోడ దాటింది. రెండోది దాటింది. మూడో గోడ దగ్గర ప్రతిసారీ పడిపోయేది. "మాప్ళే," అంది (అల్లుణ్ణి తమిళంలోనే పిలిచేది), "ఆయన్ను కొంచెం గట్టిగా దూకమని చెప్పండి." మా బస్సు వెళ్ళిపోయింది. తరువాతి బస్సూ వెళ్ళిపోయింది.

"అమ్మా, బస్సు."

"ఉండవే. ఈ ఒక్క గోడ."

బావ గడియారం చూసుకుంటూ వెనకాల నిలబడ్డాడు. చివరికి "అత్తా, ఇంగ తీసేయాల" అన్నాడు. అమ్మ సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచినట్టు లేచింది. ఒక్క మీట నొక్కితే అంతా పోతుందనుకున్నాను. నిజంగా తీసేయమంటావా అని మిషన్ మళ్ళీ మళ్ళీ అడిగిందట. అడిగిన ప్రతిసారీ బావ అవునన్నాడు.

సోమవారానికి నేను కోవిల్‌పట్టిలో చట్రం ముందు ఉన్నాను. సైట్‌ను అమ్మే మూయించినట్టు ఆమెతో మాట్లాడటం మానేశాను. ఒక మధ్యాహ్నం అమ్మ పుల్లలు పేరుస్తూనే పక్కవాళ్ళకు వినపడకుండా నా వైపు వంగింది.

"ఏమే, ఆ మూడో గోడకు అవతల ఏముండాది?"

"ఇంకో గోడ," అన్నాను. నా బతుకంతా ఆ రెండు మాటల్లో ఉందనుకుని చెప్పాను.

"అంతేనా. దానికా అంతమంది పారిన్ వాళ్ళు వచ్చి విళుందినారు," అని (పడ్డారు అనడానికి తమిళం) అమ్మ మళ్ళీ పనిలో పడింది.

నిజానికి ఆ నాలుగో గోడ కూడా దాటితే ఒక తోట వస్తుంది. గొడుగాయన గొడుగు మూసి, బెంచీ మీద కూర్చుంటాడు. ఎన్నోసార్లు ఆయన్ను అక్కడ కూర్చోబెట్టాను. అమ్మకు మాత్రం ఆ రోజు చెప్పలేదు. ఆ తోట చూసింది ఈ యూనిట్లో నేనొక్కదాన్నే, అది నాకే ఉండనీ అనుకుంది అప్పటి నేనైన ఆ పిల్ల. మూతి ముడుచుకుని పుల్లలు పేరుస్తున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, ఆ తోటను కూడా అమ్మకు చెప్పకుండా పట్టుమని వారం దాచుకోలేకపోయింది.