నీళ్ళు కలిపిన గేదె

ఆ రోజుల్లో మా ఊళ్ళో పాలు అమ్ముకోవడం కాస్త నామోషీ వ్యవహారం. మజ్జిగ అడిగినవాళ్ళకు ఊరికే పోసేవాళ్ళు, నెయ్యి చుట్టాలకు పంపేవాళ్ళు, మిగిలింది మేమే తాగి అరగక బాధపడేవాళ్ళం. పట్నంలో పాలకు కరువనీ, మా దగ్గర పాలున్నాయనీ ఎవరో కనిపెట్టి, ఒక గుమస్తాను, నాలుగు పెద్ద క్యాన్లను, ఒక గాజు గొట్టాన్ని మా ఊరికి పంపించారు. దాన్నే పాల కేంద్రం అన్నారు.

కేంద్రానికి వేరే చోటు దొరక్క మిరపకాయల కొట్టు వసారాలో పెట్టారు. చోటుకు వంక పెట్టడానికి లేదు. గుమస్తా మాత్రం చీరాల వైపు సముద్రగాలికి పెరిగిన మనిషి. పాలు కొలవబోయినప్పుడల్లా తుమ్మేవాడు. ఆయన తుమ్ములు ఆగేదాకా వరస కదిలేది కాదు.

గాజు గొట్టాన్ని పాలలో వదిలితే నిలువుగా తేలుతుంది. దాని మెడ మీద ఒక ఎర్రగీత. గీత పైకి కనిపిస్తే పాలు మంచివి, మునిగితే నీళ్ళు కలిపినట్టు. మనిషి నిజాయితీని ఇంత సులువుగా కొలవొచ్చని అప్పటిదాకా మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

నేను గుంటూరు కాలేజీ నుంచి క్రిస్మస్ సెలవులకు వచ్చిన మర్నాడే అమ్మ మొదటిసారి పాలు తీసుకెళ్ళింది. ఎర్రగీత మునిగింది.

"పెద్దమ్మగారూ, నీళ్ళు తగిలాయండీ," అన్నాడు గుమస్తా.

"ఎక్కడ?"

"పాలల్లోనండీ."

"నా పాలల్లోనా? ఏదీ, మళ్ళీ ముంచు."

ముంచాడు. మళ్ళీ మునిగింది. వెనకే మా మేనత్త నిలబడి ఉంది. నాన్నకు అక్క, మాకు ఎదురిల్లు. "పోనీలేవే అమ్మాయ్, చీకట్లో ఏ చెంబులో ఏముందో ఏం తెలుస్తుంది," అంది ఓదార్పుగా. ఆవిడ పాలలో గొట్టం పోలీసు జవానులా నిటారుగా నిలబడింది. రాత్రి పాల మీద చేరిన మీగడంతా తెల్లవారి గరిటెతో తీసేసుకుని, కింద మిగిలినవి ఆవిడ కేంద్రానికి తెస్తుందని మా వీధిలో అందరికీ తెలుసు. గొట్టానికి మాత్రం తెలియదు.

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఒకరి చేత మాట పడలేదు. రేపట్నుంచి నా చేతి మజ్జిగ కూడా అనుమానంగా తాగుతారు. గేదెనే తోలుకెళతా. నీళ్ళు నేను కలుపుతున్నానో లేదో వాళ్ళ కళ్ళతోనే చూస్తారు," అంది. నాన్న వద్దనబోయి, అమ్మ ముఖం చూసి, మంచి ఆలోచనే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ముందు అమ్మ, వెనక గేదె, దాని వెనక దూడ, దూడ పలుపు పట్టుకుని నేను. బీయస్సీ విద్యార్థికి అంతకంటే మంచి పని ఆ సెలవుల్లో దొరకలేదు.

వసారా ముందు జనం మూగారు. దూడను వదిలాం, లాగాం. గేదె చేపలేదు. ఒక్క చుక్క దించలేదు. కారణం మా ఇంటిల్లిపాదికీ తెలుసు. నాన్న తరఫు బంధువులను వరసగా తిడుతూ పాలు పితకడం అమ్మ అలవాటు. కొన్నేళ్ళుగా ఆ తిట్లు వింటేనే గానీ గేదె పాలు దించేది కాదు. ఇప్పుడా బంధువుల్లో సగం మంది ఎదురుగా నిలబడి ఉన్నారు.

అమ్మ మొదట గొణిగింది. గేదె చెవి కదిపి ఊరుకుంది. కాస్త గొంతు పెంచి మా పెదతాతను అందుకుంది. గేదె నెమరు ఆపింది, అంతే. చివరికి అమ్మ కళ్ళు మూసుకుని, "పెళ్ళిలో నాకు పెట్టిన చీర వెనక్కి అడిగిన ఆడపడుచు..." అని మొదలుపెట్టగానే పాలు ధారగా దిగాయి.

"ఎవరినే అమ్మాయ్ అంటున్నావు?" అంది మేనత్త.

"గేదెతో మాట్లాడుతున్నాను వదినా."

గుమస్తా తుమ్మి, కళ్ళు తుడుచుకుని, వెచ్చటి పాలలో గొట్టం వదిలాడు. నిన్నటికంటే లోతుగా మునిగింది.

"నీళ్ళేనండీ," అన్నాడు. "నిన్నటికన్నా ఎక్కువ."

"ఎవరు కలిపారు?"

ఆయన గేదె వంక చూశాడు. గేదె ఆయన వంక చూసింది. "గేదేనని అనుకోవాలండీ," అన్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. అమ్మ ఆ గేదెకు రోజూ పత్తి గింజలు నానబెట్టి, రుబ్బి పెట్టేది. అందుకే పాలలో అంత వెన్న. వెన్న నీళ్ళకంటే తేలిక కాబట్టి, అది ఎక్కువైతే గొట్టం కిందికి దిగుతుంది, తీసేస్తే పైకి లేస్తుంది. పాలు వెచ్చగా ఉంటే ఇంకాస్త దిగుతుంది. ఈ సంగతంతా నిలబడి వివరించాను. జనం మర్యాదగా విన్నారు.

"తల్లిని వెనకేసుకు రావాల్సిందేలే నాయనా," అంది మేనత్త.

అమ్మకు నా చదువు మీద పెద్ద ఆశల్లేవు. పక్కనే ఉన్న టీ కొట్టతన్ని పిలిచి, "నా పాలొక గిన్నెలో, వదినగారి పాలొక గిన్నెలో కాచి దించు," అంది. కాచాడు. చల్లారేదాకా ఎవరూ కదల్లేదు. పొలాలకు వెళ్ళాల్సినవాళ్ళు కూడా పనులు గుర్తులేనట్టు నిలబడ్డారు. అమ్మ గిన్నెలో మీగడ దుప్పటిలా పరుచుకుంది. మేనత్త గిన్నెలోకి తొంగిచూస్తే అడుగు కనిపించలేదు గానీ, ప్రయత్నిస్తే కనిపించేలా ఉంది.

"మా గేదె పాలకు మీగడ కట్టే అలవాటు లేదు," అంది మేనత్త. జనం పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

గుమస్తా అమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మగారూ, మీవి మంచి పాలే. కానీ నేను గొట్టం మాట వినాలి. రేపట్నుంచి పైన కాస్త మీగడ తీసేసి తెండి, ఒప్పుకుంటుంది."

"అంటే, దొంగతనం చేస్తే దొరనంటావు," అంది అమ్మ, జనానికి వినపడేలా. గేదెను తోలుకుని ఇంటికొచ్చేసింది.

ఆ సాయంత్రమే టీ కొట్టతను మా గుమ్మంలోకి వచ్చి, ఆ పాలన్నీ తనకే కావాలన్నాడు. వారం తిరక్కముందే ఆ టీ కోసం పక్క ఊళ్ళవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. తిట్లు విందామని మా దొడ్డిగోడ దగ్గరికి కూడా ఒకరిద్దరు వచ్చేవాళ్ళు. గుమస్తా పొద్దున రెండు టీలు, తుమ్ములు ఎక్కువైన రోజున మూడు తాగుతున్నాడని నేనే ఇంటికొచ్చి చెప్పాను.

"తాగనీ పాపం, నీళ్ళేగా," అంది అమ్మ, రోట్లో ఇంకో గుప్పెడు పత్తి గింజలు వేస్తూ.