“రిటైరైతే ఎవరు పెడతారు?”

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఇంట్లో ఎక్కువసార్లు అన్న మాట, “రేపు నేను రిటైరైతే ఎవరు పెడతారు?” నా భార్య కూలర్ కొందామంటే అదే జవాబు. చర్చిలోని స్త్రీల సమాజంతో కలిసి మెదక్ వెళ్ళొస్తానంటే అదే జవాబు. “పెన్షన్ వస్తుంది గదండీ” అని ఆమె ఒకటి రెండుసార్లు అంది. “అది నా మందులకే చాలదు. అదైనా నేనున్నంత వరకే” అన్నాను. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది.

దాన్ని ముందుచూపు అనుకోవడానికి లేదు. గొడవ పడకుండా కాదనడానికి నాకు దొరికిన సులువైన దారి అది. ఆఫీసు స్నేహితులతో హోటల్లో కూర్చుంటే బిల్లు నేనే కట్టేవాణ్ణి. అక్కడ రిటైర్మెంటు గుర్తుకొచ్చేది కాదు. ‘నేనున్నంత వరకే’ అన్నది అబద్ధమనీ నాకు తెలుసు. నేను పనిచేసింది ఖజానా ఆఫీసులో. భర్త పోయిన ఆడవాళ్ళు ఎందరో ఫ్యామిలీ పెన్షన్ కోసం నా బల్ల ముందుకే వచ్చేవారు. వాళ్ళకు ఓపిగ్గా చెప్పిన సంగతి ఇంట్లో చెప్పలేదు.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చి కార్ఖానా అనే బస్తీలో అద్దె ఇంట్లో స్థిరపడ్డవాళ్ళం. ఉన్న ఒక్క అమ్మాయీ పెళ్ళయి తన ఉద్యోగం, తన సంసారం చూసుకుంటోంది. రిటైర్మెంటు దగ్గరపడ్డాక పెన్షన్ కాగితాలు మొదలుపెట్టాను. వాటికి భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో కావాలి. ఒక శనివారం సాయంత్రం ఆమెను మెయిన్‌రోడ్డు మీది స్టూడియోకు తీసుకెళ్ళాను. ఎందుకో చెప్పలేదు. వీడ్కోలు సభ కోసమనుకుని క్రిస్మస్ చీర కట్టుకుంది.

“జెర దగ్గరికి జరుగుండ్రి సార్. మధ్యల ఇంకో మనిషి కూసునేటట్టున్నడు” అన్నాడు ఫొటోగ్రాఫర్.

జరిగాను. “ఈ ఫొటో ఎక్కడ పెడతారండీ?” అని ఆమె మెల్లగా అడిగింది.

నేను కాలరు సర్దుకుంటూ, ఆలోచించకుండా అనేశాను. “పెన్షన్ కాగితాలకు. నేను పోయాక నీకు రావాలంటే నువ్వెవరో వాళ్ళకు తెలియాలి గదా.”

ఆమె నావైపు తిరిగింది. “నాకా?”

“అమ్మా, గిటు చూడుండ్రి” అన్నాడు ఫొటోగ్రాఫర్.

“నాకు పెన్షనేంటండీ? మీరున్నంత వరకే అన్నారుగా?”

“అదీ... ఇంటికెళ్ళాక చెప్తాను.”

“సార్, లొల్లి ఇంటికి పోయినంక పెట్టుకోండ్రి. నవ్వకున్నా నడుస్తది గానీ, మొఖం తిప్పితే సర్కారు ఒప్పుకోదు.”

ఆమె ముందుకు తిరిగింది. లైటు వెలిగి ఆరింది.

బయటికొచ్చాక ఇంటివైపు నడవకుండా చెరుకురసం బండి దగ్గర ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“కాప్రాలో అమ్మాయిల హాస్టలుంది చూడండి, మన సంఘం పెద్దావిడ నడుపుతుంది. అక్కడ వార్డెన్‌గా చేరతానని మాటిచ్చాను. జూన్ నుంచి. అక్కడే ఉండాలి.”

“నాకు చెప్పకుండానా?”

“మీరు నాకన్నీ చెప్పారా?”

బండివాడు గ్లాసులు చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆమె తాగకుండా పట్టుకుని చెప్పుకొచ్చింది. వాళ్ళ నాన్నగారు పల్లె సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశిగా చేశారు. ఆయన పోయాక వాళ్ళమ్మ ముగ్గురు కొడుకుల ఇళ్ళల్లో వంతులవారీగా బతికింది. వంతు మారే రోజున సంచి సర్దుకుని అరుగు మీద కూర్చునేదట.

“నాకా సంచి వద్దండీ. ఇప్పుడు చేరితే మీ తర్వాత నాకంటూ ఓ గది ఉంటుంది. ఇంకాస్త వయసైతే ఎవరూ తీసుకోరు. ఆదివారాలు వచ్చి మీకు కూరలు వండిపెట్టి పోదామనుకున్నా.”

నేను ఖర్చు తప్పించుకోవడానికి అన్న మాటను ఆమె ఇన్నేళ్ళూ నిజమనుకుని మోసింది. “అబద్ధం చెప్పాను” అన్నాను. “నీకు వస్తుంది. నువ్వున్నంత కాలం వస్తుంది.”

“ఒట్టు?”

“నా ఆఫీసు పనే అదే.”

అప్పుడు రసం తాగింది. ఒక్క గుక్కలో తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, అదే కొంగుతో కళ్ళూ తుడుచుకుంది. “మరి నేనే ముందు పోతే?”

“నాది నాకొస్తుంది.”

“వచ్చి ఏం లాభం, మీకు అన్నం వార్చడం కూడా రాదు” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఆరాధన అయ్యాక కాప్రా వెళ్ళాం. మాటిచ్చి తప్పుతున్నామని బస్సులో ఇద్దరికీ బెరుకే. వందనాలు చెప్పి కూర్చున్నాక, జరిగింది నేనే చెప్పాను. నా తప్పుతో సహా చెప్పాను. హాస్టల్ పెద్దావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“అయ్యగారూ, చర్చిలో మొదటి వరసలో కూర్చునేది మీరేగా?”

“నేనేనండి.”

“ఇక కాస్త వెనక కూర్చోండి” అని ఆమె నా భార్య చెయ్యి పట్టుకుంది. “నీ తర్వాత ఇంకొకామె అడిగిందమ్మా. నిలువ నీడ లేని మనిషి. చోటు లేదని పంపించి బాధపడుతున్నాను. ఈ సాయంత్రమే కబురు చేస్తాలే.”

గేటు దాటాక నా భార్య గట్టిగా ఊపిరి వదిలింది. “ఇంకోసారి రిటైర్మెంటు పేరెత్తి భయపెట్టారో, వచ్చి చేరిపోతా.”

తిరుగు బస్సులో, వచ్చే డబ్బు లెక్కంతా చెప్పాను. నెలకు పెన్షనెంత, గ్రాట్యుటీ ఎంత, పీఎఫ్‌లో మిగిలిందెంత. దాచిన ఇంకో సంగతీ చెప్పాను. పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. అలా తీసుకుని, మా బావమరిదితో కలిసి యాప్రాల్‌లో ప్లాటు కొనాలన్నది నా ఆలోచన.

“అమ్ముకుంటే నెలనెలా వచ్చేది తగ్గుతుందా?”

“తగ్గుతుంది. చాలా ఏళ్ళు.”

“ఇద్దరం మనుషులం. ప్లాటెందుకండీ? నెలనెలా రానీండి. గ్రాట్యుటీ మాత్రం ఇద్దరి పేరా బ్యాంకులో వెయ్యండి. పాసుబుక్కు నాకూ చూపించండి.”

యాప్రాల్‌లో తర్వాత ధరలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. మా బావమరిది కలిసినప్పుడల్లా “బావా, ఆ రోజు నా మాట వినుంటేనా” అని ఎత్తిపొడుస్తూనే ఉంటాడు. పొడవనీ. మొదటి తారీఖున మేమిద్దరం కలిసి బ్యాంకుకు వెళ్తాం. నేను పోయినా అదే కౌంటరుకు ఆమె ఒక్కతే వెళ్ళగలదు. దారి తెలుసు, లెక్క తెలుసు.

ఆ బస్సు ప్రయాణానికి మర్నాడు, సోమవారం, ఆఫీసులో కాగితాలు ఇస్తుంటే సెక్షన్‌లో పక్క కుర్చీవాడు అడిగాడు. “పెన్షన్‌లో ఎంత అమ్ముతున్నారు గురువుగారూ? యాప్రాల్ అన్నారుగా?”

“ఏమీ అమ్మడం లేదు. ఇంట్లో అలా అనుకున్నాం” అన్నాను.

“ఇంట్లో అడిగారా? మీరా?” అని అతను పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.